పిన్ని గుడ్డసంచి

మా బాబాయికి పార్కిన్సన్స్. అదే, వణుకుడు జబ్బు. కాఫీ గ్లాసు చేతికిస్తే సగం చొక్కా మీదే. మందులు మాత్రం వేళ తప్పకుండా వేసుకుంటాడు. అయినా ఈమధ్య తల, చేతులు వాటంతటవే మెలికలు తిరగడం మొదలైంది. జబ్బు ముదిరిందని పిన్ని ఒకటే ఏడుపు.

న్యూరాలజిస్టు అడిగింది ఒక్కటే: “ఇంకేమైనా వాడుతున్నారా?” బాబాయి పిన్ని వంక చూశాడు. పిన్ని గుడ్డసంచిలోంచి మెల్లగా ఓ డబ్బా తీసింది. దూలగొండి గింజల పొడి. బలానికని ఎవరో చెప్పారట. ఒంటికి తగిలితే దురదపెట్టే ఆ కాయ లోపలి గింజల్లో లెవోడోపా ఉంటుంది. బాబాయి మింగే మాత్రలోనూ అదే! మాత్రకు పొడి తోడై మోతాదు మించిపోయింది, ఆ మెలికలు అందుకే.

“చెట్టుమందే కదా, చెప్పేదేముంది అనుకున్నాం” అంది పిన్ని. మనందరి మాటా అదే. ఐరన్ మాత్ర కూడా లెవోడోపాతో కలిపి వేసుకుంటే ఆ మందును ఒంటికి సరిగా పట్టనివ్వదు. ఇక నరాల బలానికని కొనే బి6 విటమిన్, మోతాదు మించి నెలల తరబడి వాడితే ఆ నరాలనే దెబ్బతీసి కాళ్లకు తిమ్మిరి తెస్తుంది.

అలాగని భయపడి, రాసిన మందులు ఉన్నపళంగా మానేయకండి, అదింకా ప్రమాదం. ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు మందుల చీటీతోపాటు ఇంట్లోని సీసాలు, పొట్లాలు, డబ్బాలు అన్నీ సంచిలో వేసుకెళ్లండి. అడిగేదాకా ఆగకుండా మీరే బల్లమీద పెట్టండి.