వేచియున్నవారికి మన బాకీ

ఒకరి ధనమును అప్పుగా తీసికొన్నవాడు పత్రము వ్రాసి యిచ్చును. ఒకరి కాలమును తీసికొన్నవాడు ఏ పత్రమును వ్రాయడు. ఒకరిని కూర్చుండబెట్టి వారి పని చేయువాడు, ఆ పని ఎంతవరకు వచ్చినదో వారికి చెప్పుటకు బద్ధుడా? లేక పని ముగించి యిచ్చిన చాలునా? కంప్యూటరు వచ్చిన పిమ్మట ఈ ప్రశ్న మమ్ము వదలకున్నది. మేము మెట్రిక్యులేషను మాత్రమే చదివిన గుమాస్తా మాత్రులము. అయినను ఈ బరంపురములో ముప్పది యేండ్లకు పైగా కార్యాలయపు బల్లకు ఈవల కూర్చున్న అనుభవముతో నాలుగు మాటలు మనవి చేయుచున్నాము.

2011వ సంవత్సరమున ఒకనాటి మధ్యాహ్నము పల్లెనుండి ఒక వృద్ధురాలు, భర్త మరణానంతరము తనకు రావలసిన పింఛను బకాయి కొరకు మా కార్యాలయమునకు వచ్చెను. తెరపై నున్నది ఇంగ్లీషు. గోడపై నున్నది ఒడియా. ఆమెకు వచ్చినది తెలుగు. మేము లెక్క కట్టుటకై మీట నొక్కితిమి. తెర కదలలేదు. ఆమె "అయిందా బాబూ?" అని మూడుమార్లు అడిగెను. మేము "కూర్చోండమ్మా" అని మూడుమార్లు చెప్పితిమి. కొంతసేపటికి తెర తెల్లబారెను. యంత్రము ఆగిపోయినదని తలచి విద్యుత్తును ఆపివేసితిమి. పని అప్పటికే సగము దాటెనని మరునాడు తెలియవచ్చెను. మా తొందరపాటువలన ఆ లెక్క నడుమ చిక్కుకొనిపోయి, దానిని సరిదిద్దుటకు వారము పట్టెను. ఆ సాయంకాలము ఆమె లేచుచు, "ఇంతసేపు పడుతుందని ముందే చెప్తే, ఆసుపత్రికెళ్లి మనవడికి మందు తెచ్చుకుందును గదా బాబూ" అనెను. కోపముతో అనలేదు. అందుచేతనే ఆ మాటను నేటికిని మరువలేకున్నాము.

యంత్రము ఏల మూగవోయెను? పిమ్మట తెలిసికొన్న సంగతి యిది. ఒకే గుమాస్తా లెక్కలు కట్టుచు, కిటికీ వద్దకు వచ్చినవారికి బదులును చెప్పవలసినచో, లెక్కలో తల దూర్చినంతసేపు కిటికీ మూగదియే. అనేక ప్రోగ్రాములు ఇట్లే వ్రాయబడినవి. విండోస్ యంత్రములో ఒక ప్రోగ్రాము అయిదు సెకండ్లపాటు బదులు పలుకనిచో, అది స్పందించుట లేదని యంత్రమే ప్రకటించును. పని సాగుచున్నను చూచువారికి చచ్చినట్లే తోచును. దీనికి మార్గము కలదు. పెద్ద పనిని వేరొక పనివానికి అప్పగించి, మొదటివానిని కిటికీ వద్దనే ఉంచవలెను. లోపలివాడు అప్పుడప్పుడు ఇంత అయినదని కబురు పంపుచుండును.

ఇట్లు పని ఎంత శాతము పూర్తియైనదో చూపు పట్టీని జనులు కోరుకొందురని 1985లో బ్రాడ్ మయర్స్ అను పరిశోధకుడు పరీక్షించి తెలిపెను. పది సెకండ్లు మించినచో మనుష్యుని మనస్సు ఎదుటి పనిపై నిలువక వేరు పనులకు పోవును గావున, ముగియు వేళను సూచింపవలెనని యాకబ్ నీల్సన్ 1993లో వ్రాసెను. ఆ వృద్ధురాలు అడిగినదియు ఇంతియే గదా! ఆమె త్వరపడుమనలేదు. తన కాలమును తాను వాడుకొనునట్లు ఒక్కమాట చెప్పుమనినది.

అయితే చెప్పినదెల్ల సత్యమగునా? నూరు కాగితముల దస్త్రములను నకలు చేయునప్పుడు తొంబదితొమ్మిది చిన్నవై, చివరిది కొండంత యున్నచో, తెరపై తొంబదితొమ్మిది శాతమని యుండును. పని సగమైనను అయియుండదు. అది లెక్కకు నిజము, వేచియున్నవానికి అబద్ధము. పనితో సంబంధము లేక తిరుగుచుండు చక్రము మరియొక అబద్ధము. లోపల పని ఆగినను అది తిరుగుచునే యుండును. నేడు ఫోనుతో డబ్బు చెల్లించునప్పుడు అట్టి చక్రమును చూచుచు కొన్నవాడును అమ్మినవాడును ఒకరి మొగమొకరు చూచుకొనుట మన మెరుగుదుము. అచ్చట "ఇంకను ఖరారు కాలేదు, మరల చెల్లింపకుడు" అను ఒక్కమాట ఎన్ని చక్రములకైన మేలు.

ఓదార్పుకై చెప్పు చిన్న అబద్ధమున దోషమేమని కొందరందురు. ఆ ఓదార్పును నమ్మి ఆమె మందు తేక కూర్చున్నచో, ఆ నష్టము ఓదార్చినవానిది కాదు. నష్టము తనది కానివానికి అబద్ధమాడు అధికారము లేదు. కావున తెలిసినంత చెప్పవలెను. తెలియనిచో తెలియదని చెప్పవలెను. చాలించుకొని పోగోరువారికి, పని చెడని యెడల, దారి విడువవలెను.

యంత్రము మాకు చెప్పలేదు, నిజమే. అయిననూ అది చెప్పలేదన్న సంగతిని ఆమెకు ఆమె భాషలోనే చెప్పుటకు మాకేమి అడ్డు? యంత్రమునకు నోరు లేదు, మాకు కలదు. 2019లో ఉద్యోగ విరమణ చేసితిమి. నేడు బ్యాంకులలోను ఆసుపత్రులలోను మేము బల్లకు ఆవల కూర్చుండువారమైతిమి. "అయిందా బాబూ?" అని అడుగుట ఇప్పుడు మా వంతు. బల్లకు ఈవల కూర్చున్న మన పిల్లలు, ప్రోగ్రాములు వ్రాయు మన పిల్లలు, ఆ ప్రశ్నకు "కూర్చోండి" అన్నది సమాధానము కాదని గ్రహింతురు గాక!