పిండికోడి

కరీంనగర్‌లో మా డాబా మీద పిల్లలకు కరాటే నేర్పుతాను. ఆదివారాలు ఫోన్‌తో ఫైట్లు తీస్తాం. కెమెరా దెబ్బ తినేవాడి భుజం వెనక పెట్టి కాస్త జూమ్ చేస్తే, పిడికిలికీ దవడకీ మధ్య ఉన్న జానెడు ఖాళీ కనపడదు. తల తిప్పడం మాత్రం తినేవాడి పనే. వాడు సమయానికి తిప్పకపోతే ఎంత గొప్ప గుద్దయినా దండగ.

మరి ఇది హింసేనా? 959లో మా దగ్గరి గంగాధరలోనే జైన కవి సోమదేవసూరి ముగించిన ‘యశస్తిలకం’ కావ్యంలో, యశోధరుడనే రాజు తల్లి మాట కాదనలేక పిండితో చేసిన కోడిని బలిస్తాడు. నెత్తురు చుక్క లేదు. అయినా తల్లీకొడుకులు జన్మజన్మలు జంతువులై పుడతారు. జైనుల లెక్కలో చంపాలన్న తలంపే పాపం.

నాకది పూర్తిగా మింగుడుపడదు. రాజు దాన్ని నిజం కోడిగా ఊహించుకునే నరికాడు. మావాళ్లు కళ్లలోకి చూసుకుని, అవతలివాడు తలూపాకే చెయ్యి విసురుతారు. ఇద్దరూ కలిసి ఆడే అబద్ధం అది, పైగా ఒకరినొకరు కాపాడుకుంటూ.

మొన్న ఒకడు నిజం కోపంతోనే విసిరాడు. పిడికిలి జానెడు దూరంలోనే ఆగింది, షాట్ అదిరింది. తీసేయమన్నాను. “తగల్లేదుగా సార్” అని కెమెరా పట్టినవాడు ఇప్పటికీ వాదిస్తున్నాడు.