పొదుపు ఎవరి ధర్మం? - ఉద్దానం తీరం ఆధారంగా ఒక విచారణ

ఇంటి విద్యుత్తును పొదుపు చేసి పర్యావరణాన్ని కాపాడాలన్న మాట నేడు సర్వజనీనమైన హితవుగా వినిపిస్తున్నది. హితవు అందరికీ ఒకే తీరున చెప్పవచ్చు. ధర్మం మాత్రం అందరికీ ఒకే పాళ్లలో వర్తించదు. ఈ భేదాన్ని పరిశీలించడానికి శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం తీరం, దానికి చేరువలోని టెక్కలి ప్రాంతం తగిన ఆధారాలు.

సోంపేట బీల, కాకరాపల్లి తంపర చిత్తడి నేలలు. సాగునీటికి, చేపల వేటకు, పశువుల మేతకు పరిసర గ్రామాలు వీటిపై ఆధారపడుతూ వచ్చాయి. ఇక్కడ బొగ్గుతో నడిచే థర్మల్ విద్యుత్ కేంద్రాలను ప్రతిపాదించినప్పుడు రైతులు, మత్స్యకారులు ప్రతిఘటించారు. 2010 జూలై 14న సోంపేటలోను, 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లి ప్రాంతంలోను పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. సోంపేట కేంద్రానికి లభించిన పర్యావరణ అనుమతి 2010లోనే రద్దయింది.

ఈ ప్రతిఘటనపై ఒక పూర్వపక్షం ఉన్నది: విద్యుత్తు కావాలనేవారు విద్యుత్ కేంద్రాన్ని వద్దనడం న్యాయమా? ప్రశ్నలో బలం లేకపోలేదు. అయితే అది ఎవరిని అడగవలసిన ప్రశ్న అన్నది ముందు తేలాలి. 7 వాట్ల ఎల్ఈడీ బల్బు రోజుకు 5 గంటలు వెలిగితే 35 వాట్-గంటలు ఖర్చవుతాయి. 1.5 కిలోవాట్లు తీసుకునే ఏసీ ఒక్క గంట నడిస్తే ఆ బల్బు దాదాపు 43 రోజులు వెలిగేంత విద్యుత్తు ఖర్చవుతుంది. కనుక బీల ఒడ్డున ఉన్న గుడిసెకు వేసిన ప్రశ్న మొదట నగరంలోని చల్లని గదికి చెందుతుంది.

రెండవది, లేమికి పొదుపుకు గల భేదం. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటింది. కొబ్బరి, జీడిమామిడి తోటలతో పాటు విద్యుత్ స్తంభాలు నేలకూలి, ఉద్దానం గ్రామాలు రోజుల తరబడి చీకటిలో ఉన్నాయి. ఆ రోజుల్లో అక్కడి ఇళ్లలో విద్యుత్ వినియోగం లేదు. దానిని పొదుపు అని ఎవరూ అనరు. వాడుకోగలిగి కూడా అక్కరలేనిదాన్ని విడిచినప్పుడే అది పొదుపు. అపరిగ్రహం అన్న భావనకు కూడా ఈ ఎంపికే ప్రాణం. ఎంపికే లేనివారికి పొదుపును బోధించడం, వారి లేమిని సుగుణంగా చూపి తృప్తిపడడమే అవుతుంది.

అలాగని స్వల్ప వినియోగదారునికి ఏ బాధ్యతా లేదనడం సరికాదు. 2014లో ఆంధ్రప్రదేశ్‌లో ఎల్ఈడీ బల్బుల పంపిణీకి తొలుత ఎంపికైన జిల్లాలలో శ్రీకాకుళం ఒకటి. 60 వాట్ల పాత బల్బు స్థానంలో 7 వాట్ల బల్బు రోజుకు 5 గంటలు వెలిగితే ఏడాదికి సుమారు 97 యూనిట్లు మిగులుతాయి. వెలుగుకు లోటు రాని ఇటువంటి పొదుపు అందరికీ విధి. ఎందుకంటే వృథా చేసే హక్కు పేదకూ లేదు, ధనికునికీ లేదు. సుఖంలో కొంత తగ్గించుకునే పొదుపు మాత్రం సమృద్ధి ఉన్నవారి వంతు. అలా మిగిలినదాన్ని మరో అనవసర పరికరానికి వెచ్చిస్తే బిల్లులో పద్దు మారుతుందే కాని బొగ్గు మిగలదు.

ఒక్క ఇంటి పొదుపుతో ఏమవుతుందన్నది చివరి ఆక్షేపం. విద్యుత్ కేంద్రాల సామర్థ్యాన్ని నిర్ణయించేటప్పుడు అందరూ ఒకేసారి వాడే వేళల్లోని గరిష్ఠ గిరాకీని లెక్కలోకి తీసుకుంటారు. ఆ గిరాకీ లక్షల ఇళ్ల మొత్తం. బీలను ఇమ్మని ఏ ఒక్క ఇల్లూ అడగలేదు. ‘నా ఒక్కడిదెంత’ అనుకున్న ఇళ్లన్నీ కలిసి అడిగాయి. కాబట్టి ఆ మాట బాధ్యత నుండి తప్పించుకునే దారి కాదు, సమస్యకు మూలాలలో ఒకటి.

దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలన్నది తెలుగువారి సామెత. వాడుకలో అది సొంత ఇంటి జాగ్రత్తను చెబుతుంది. అయితే తన ఇంటి దీపానికి వేరొకరి చిత్తడి నేలను వెలగా అడిగినప్పుడు, చక్కబెట్టవలసిన ఇల్లు తన గడప దగ్గర ఆగదు. ఎవరి ఇంట దీపాలు ఎక్కువో వారి వంతు పని ఎక్కువ. ఉద్దానం తీరం నుండి చూసినప్పుడు పొదుపు దానమూ కాదు, ఔదార్యమూ కాదు. ఎక్కువ వాడుకున్నవారు తీర్చవలసిన ఋణం.