కాయకము కోల్పోయినవాని యింటి ముందర



కల్యాణమునందలి ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతుల కథ మన యిండ్లలో పిల్లలకు సైతము తెలిసినదే. నేలరాలిన బియ్యపుగింజల నేరి, వానితో జంగమ దాసోహము నడుపుట వారి కాయకము. ఒకనాడు మారయ్య అనుభవగోష్ఠిలో మైమరచి కాయకమును మరువగా లక్కమ్మ హెచ్చరించినది. మరియొకనాడు అవసరమునకు మించి గింజలు తేగా, ఇది ఆశ యని చెప్పి, తెచ్చినచోటనే పోసిరమ్మన్నది. కాయకమును మరచుట దోషము. దానిని ఆశకు వినియోగించుటయు దోషము. ఇంతవరకు మనము బాగుగనే నేర్చితిమి.

అయితే ఒక ప్రశ్న. కాయకమును మరువనివాడు, ఆశపడనివాడు, తన దోషమేమియు లేకయే పనిని పోగొట్టుకొన్నచో అతనియెడల మన ధర్మమేమి?

బోధన్ ప్రాంతము ఈ ప్రశ్నను కన్నులార చూచినది. అచటి శక్కర్‌నగర్‌లో 1937లో నిజాం చక్కెర కర్మాగారము నెలకొల్పబడినది. ఒకప్పుడు ఆసియాఖండముననే పెద్దదిగా పేరు గాంచినది. 2002లో సగమునకు మించిన వాటా ప్రైవేటు యాజమాన్యమునకు చేరెను. 2015 డిసెంబరులో బోధన్, మెట్‌పల్లి, మెదక్ ప్రాంతములందలి మూడు కర్మాగారములును మూతపడెను.

మూతపడినది గేటు మాత్రమే యని తలంపరాదు. కోసిన చెరకు ఆలస్యమైన కొలది బరువును, తీపియు తగ్గును. దగ్గరి మిల్లు లేనిచో దూరపు మిల్లుకు కిరాయి భరింపలేక రైతు చెరకు మానును. చెరకు మానినచో కోతకూలీకి పని లేదు, బండివానికి కిరాయి లేదు, కొడవలి చరచు కమ్మరికి బేరము లేదు. జీతము రాని యింట కిరాణాకొట్టు బాకీ పెరుగును, కొట్టువాడును అప్పులపాలగును. యువకునకు గల్ఫు దేశమే దిక్కగును. ఊరిలో వృద్ధులు మిగులుదురు.

వీటన్నిటికంటె బరువైనది సిగ్గు. పని పోయినవాడు మఠమునకు వచ్చుట మానును. జంగమయ్య వచ్చినచో ఏమి సమర్పింతునని ఇల్లాలు తలుపు చాటున నిలుచును. అది యెరుగక మనము “సోమరి” యందుము. ఏండ్ల తరబడి చెమటోడ్చినవానిని అట్లనుట కాయకధర్మమునే కత్తిగా జేసి భక్తుని పొడుచుట కాదా?

బసవేశ్వరుడు బిజ్జలుని కొలువున భాండాగారి. ధనము విలువ తెలిసిన ఆ మహానుభావుడే కాయకముతోపాటు దాసోహమును బోధించెను. ఒకని చేతి కాయకము ఆగినప్పుడు మరియొకని చేతి దాసోహము సాగవలెను. దాసోహము భిక్ష కాదు, ఇచ్చువాడే దాసుడు. కావున ఇచ్చునప్పుడు తలవంచవలసినది పుచ్చుకొనువాడు కాదు, మనమే.

మఠములు అన్నము పెట్టుటతో ఆగక, ఆ యింటి బిడ్డల చదువు నిలువకుండ చూడవలెను. అంగడి, పిండిమర, పొలము గలవారు న్యాయమైన కూలి యిచ్చి పని చూపవలెను. అవసరము జూచి కూలి తగ్గించుట పాపము. ఆ యింట పాదపూజకు గురువులు కానుక నాశింపరాదు. గ్లాసెడు నీరు చాలును.

మారయ్యకు కాయకమును గుర్తుచేయుటకు లక్కమ్మ యుండెను. పని పోయిన సోదరునికి కాయకము చూపుటకు మన ఊరిలో ఎవరున్నారు? ఈ సాయంకాలము లింగపూజ ముగించిన పిమ్మట ఒక్క తలుపు తట్టి చూడుడు.

శరణు శరణార్థి.