ఎక్కడున్నావ్?

లాండ్‌లైన్ ఫోను మోగితే ఎత్తినవాళ్లు మొదట అడిగే మాట "ఎవరండీ?" అని. సెల్‌ఫోను ఎత్తగానే అటువైపు నుంచి మొదట వినిపించే మాట "ఎక్కడున్నావ్?" అని. లాండ్‌లైన్ మోగేది ఇంట్లో. ఆ ఇల్లెక్కడుందో తెలుసు, మాట్లాడుతున్నది ఎవరన్నదే తెలియదు. సెల్‌ఫోను మోగేది మనిషి దగ్గర. ఎవరో తెలుసు, ఎక్కడుందన్నదే తెలియదు. 1995 జూలై 31న కలకత్తా నుంచి జ్యోతిబసు కేంద్రమంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడిన కాల్‌తో ఈ దేశంలో సెల్‌ఫోను మొదలైంది. 2003లో ఇన్‌కమింగ్ ఉచితమయ్యాక మధ్యతరగతి ఇళ్లలోకి, మెల్లిగా ఆడపిల్లల చేతుల్లోకి వచ్చింది. ఆ రెండో ప్రశ్నకి రోజూ జవాబు చెబుతూ పెద్దయిన తరం మాది. మా తర్వాతి తరం చెప్పక్కర్లేదు, వాళ్ల ఫోనే చెప్పేస్తోంది.

సెల్‌ఫోను ఆడపిల్లలకి స్వేచ్ఛనిచ్చిందని ఒకరు, చెడగొట్టిందని మరొకరు. సభల్లో ఈ రెండు మాటలూ విని విని విసుగొచ్చింది. నన్ను వేధించే ప్రశ్న వేరు. "ఆడది ఎక్కడుందో ఇంట్లో తెలిసి ఉండాలి" అన్న నియమం మా అమ్మమ్మ కాలంలోనూ ఉంది, ఇప్పుడూ ఉంది. నియమం అదే అయినప్పుడు, మారిందేమిటి?

మా అమ్మమ్మ పుట్టింటికి వెళ్తే, క్షేమంగా చేరానన్న కార్డుముక్క వారానికి వచ్చేది. అమ్మ పల్లెటూరి హైస్కూల్లో టీచరు. రానూపోనూ బస్సు. ఆరున్నరకి ఇంటికి చేరాల్సిన మనిషి ఒక్కోరోజు ఎనిమిదిన్నరకి వచ్చేది. నాన్న అరుగు మీద కూర్చుని, మధ్యలో బస్టాండు దాకా వెళ్లొచ్చి ఎదురుచూసేవాడు. అమ్మ రాగానే "బస్సు రాలేదు" అనేది. ఆ సాయంత్రం మీద విచారణ అక్కడితో ముగిసేది. రిటైరయ్యాక ఎప్పుడో నాతో చెప్పింది: కొన్నిసార్లు బస్సు వచ్చేదట. తనూ ఇంకో టీచరమ్మా ఆవిడ ఇంట్లో టీ తాగుతూ, రేడియో వింటూ, కావాలనే ఆ బస్సు వదిలేసేవారట. ఏం చేసేవాళ్లని అడిగాను. "ఏముంది, ఊరికే కూర్చునేవాళ్లం" అంది.

ఆడవాళ్లకి సొంత గది కావాలని వర్జీనియా వుల్ఫ్ 1929లో రాసింది. గదికి తలుపుంటుంది, గడియ ఉంటుంది. మా అమ్మకి దొరికింది గది కాదు, రెండు బస్సుల మధ్య సమయం. దానికి గడియ లేదు. ఎవరూ వచ్చి చూడలేరు కాబట్టి అది ఆమెది.

నాన్న అమ్మని నమ్మాడు అని మేమంతా అనుకునేవాళ్లం. పాతతరం కాపురాల్లో ఎంత నమ్మకమో అని ఇప్పటికీ చాలామంది అంటుంటారు. నాకు ఆ మాట మీద అనుమానం. తెలుసుకునే మార్గం లేనివాడు తెలుసుకోకపోవడం నమ్మకం ఎలా అవుతుంది? చూడగలిగి కూడా చూడకుండా ఉన్నప్పుడు కదా ఆ మాటకి అర్థం. మా నాన్న మంచివాడే. కానీ ఆయన మంచితనానికి ఆ పరీక్ష ఎప్పుడూ ఎదురుకాలేదు. ఆ లెక్కన నమ్మకం అనేది మన కుటుంబాల్లో సెల్‌ఫోను వచ్చాకే సాధ్యమైంది. అదెంత కొంచెం ఉందో కూడా అప్పుడే బయటపడింది. మన అమ్మలు అనుభవించిన ఆ కాస్త స్వేచ్ఛ ఎవరూ ఒప్పుకుని ఇచ్చింది కాదు. కాపలాలో ఉన్న కంతల్లోంచి దొరికింది. ఆ కంతలు ఒక్కొక్కటే పూడుతుంటే, పోతున్నదాన్ని హక్కు అని అడగడానికి మన దగ్గర మాట కూడా లేదు. ఎప్పుడూ మన పేరున లేనిదాన్ని లాక్కున్నారని ఎలా ఫిర్యాదు చేస్తాం?

నేను పీహెచ్‌డీ చేసే రోజుల్లో మా లేడీస్ హాస్టల్ గేటు దగ్గర ఒక రిజిస్టరు ఉండేది. పేరు, వెళ్లే చోటు, వెళ్లిన టైము, వచ్చిన టైము. వెళ్లే చోటు అన్న గడిలో పై నుంచి కింది దాకా "లైబ్రరీ" అనే ఉండేది. ఆదివారం లైబ్రరీ మూసి ఉన్నా అదే. వార్డెన్ మేడంకి తెలుసు, వాచ్‌మన్‌కి తెలుసు. ఆ అబద్ధం మా మధ్య ఒక ఒప్పందం. నియమం ఉన్నట్టూ ఉండేది, మేము బతికినట్టూ ఉండేది. ఇప్పుడు అలాంటి హాస్టళ్లలో ముఖం చూసి గుర్తుపట్టే మిషన్లు వస్తున్నాయి. అమ్మాయి గేటు దాటిన నిమిషంలో తండ్రి ఫోనుకి మెసేజ్ వెళ్తుంది. నియమం పాతదే. కానీ మిషన్‌కి లైబ్రరీ అన్న మాటని చూసీచూడనట్టు వదిలేయడం రాదు.

అలాగని ఆ రిజిస్టరు మీద నాకేమీ బెంగ లేదు. వార్డెన్ మేడం చూసీచూడనట్టు ఉండటం అందరికీ ఒకేలా దొరకలేదు. ఇంటిపేరు చూసి, ఊరు చూసి, ఎస్సీ ఎస్టీ అమ్మాయిలైతే మరింత పరీక్షగా చూసి గేటు తీసేది. ఎస్సీ, ఎస్టీ అమ్మాయిలు ఎనిమిదింటికి వస్తే సంజాయిషీ, మాలాంటివాళ్లం తొమ్మిదింటికి వస్తే నవ్వు. మనిషి విచక్షణని పొగిడేటప్పుడు అది ఎవరి పక్షాన పనిచేసిందో మర్చిపోకూడదు. మిషన్‌కి కులం తెలియదు, నిజమే. అయితే ఆ మిషన్ పెట్టింది అమ్మాయిల హాస్టల్‌కే. రోడ్డుకి అవతల ఉన్న అబ్బాయిల హాస్టల్‌కి గేటు ఉందో లేదో కూడా ఎవరూ పట్టించుకోరు.

కేరళలో ఒక కాలేజీ హాస్టల్లో అమ్మాయిలు సాయంత్రం ఆరు నుంచి రాత్రి పది దాకా ఫోన్లు అప్పగించాలన్న నియమం ఉండేది. ఒప్పుకోనన్న విద్యార్థినిని హాస్టల్ నుంచి పంపించేశారు. ఆమె కోర్టుకెళ్లింది. ఇంటర్నెట్ వాడుకునే హక్కు చదువుకునే హక్కులోనూ, వ్యక్తిగత గోప్యతలోనూ భాగమని 2019 సెప్టెంబరులో కేరళ హైకోర్టు తీర్పు చెప్పింది. అంతకు మూడేళ్ల ముందు, 2016లో, గుజరాత్ మెహసానా జిల్లాలో ఒక గ్రామం పెళ్లికాని అమ్మాయిలు సెల్‌ఫోను పట్టుకుంటే 2,100 రూపాయల జరిమానా అని తీర్మానించింది. ఈ వార్తలు చదివి మనం నవ్వుకుంటాం. మన ఊళ్లలో కాలేజీలో చేరగానే అమ్మాయికి ఫోను కొనిపెడతారు కదా. అక్కడ లాక్కున్నదీ, ఇక్కడ కొనిచ్చేదీ ఒకే నియమం కోసమేనన్న సంగతి, మొదటిసారి ఆ పిల్ల ఫోను ఎత్తనప్పుడు అర్థమవుతుంది.

పెళ్లయ్యాక ఇదంతా కోర్టు దాకా వెళ్తుంది. 1983లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నటి సరిత కేసులో, విడిగా ఉంటున్న భార్యని కాపురానికి రమ్మని ఆదేశించే హిందూ వివాహ చట్టం 9వ సెక్షన్ ఆమె గోప్యతకి, గౌరవానికి విరుద్ధమని కొట్టేసింది. ఆ తీర్పు రాసింది జస్టిస్ పి.ఎ. చౌదరి. మరుసటి ఏడాదే మరో కేసులో సుప్రీంకోర్టు ఆ వాదనని తోసిపుచ్చింది. సెక్షన్ ఇవాళ్టికీ ఉంది. తర్వాత అదే ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ముందుకి ఇంకో కేసు వచ్చింది. భార్య తన తల్లిదండ్రులతో, స్నేహితులతో ఫోన్లో మాట్లాడిన మాటల్ని భర్త ఆమెకి తెలియకుండా రికార్డు చేసి, విడాకుల కోసం కోర్టుకి తెచ్చాడు. అది చట్టవిరుద్ధమంటూ, కన్నవాళ్లతో మాట్లాడే మాటల్ని కూడా నమ్మలేకపోతే ఇక పెళ్లికి అర్థమేముందని న్యాయస్థానం అడిగింది. 2025 జూలైలో ఇలాంటిదే ఒక కేసులో సుప్రీంకోర్టు, భార్యాభర్తలు రహస్యంగా చేసిన రికార్డింగులు వైవాహిక వివాదాల్లో సాక్ష్యంగా పనికొస్తాయని చెప్పింది. ఒకరిమీద ఒకరు నిఘా పెట్టుకునే దాకా వచ్చిందంటే ఆ సంసారం అప్పటికే విరిగిపోయినట్టే అన్నది అక్కడి తర్కం. నమ్మకం లేకపోవడం రెండు కోర్టులూ చూశాయి. ఒకరికి అది రికార్డింగుని తోసేయడానికి కారణమైంది, ఇంకొకరికి అనుమతించడానికి అభ్యంతరం లేకపోవడానికి.

రెండో తీర్పు స్త్రీలకి అన్యాయం చేసిందని వెంటనే రాసేయాలని నాకూ అనిపించింది. రాయలేకపోయాను. నాలుగ్గోడల మధ్య జరిగే హింసకి సాక్షులుండరు. అత్తగారు కట్నం గురించి అన్న మాట, భర్త అర్ధరాత్రి ఇచ్చిన బెదిరింపు, ఆమె ఫోన్లో రికార్డయితేనే బయటివాళ్లు నమ్ముతారు. గోప్యత పేరుతో దాన్ని మూసేస్తే లాభపడేది ఎవరో మనకి తెలుసు. 2017లో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కని చెప్పినప్పుడు కూడా, పితృస్వామ్యానికి అది ముసుగు కాకూడదని అన్నారు. కాబట్టి రికార్డింగు మంచిదా చెడ్డదా అని కాదు, ఆ ఇంట్లో ఫోను ఎవరిదని అడగాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, తాము స్వయంగా వాడుకునే మొబైల్ ఉందన్న స్త్రీలు 54 శాతం. ఆ ఉన్నవాళ్లలో సిమ్ ఎవరి పేరున ఉంది, లాక్ నంబరు ఎవరికి తెలుసు? మా అమ్మకి ఉత్తరాలు నాన్న పేరుతో కేరాఫ్ వేసుకుని వచ్చేవి. ఇప్పుడు ఉత్తరాలు లేవు, కేరాఫ్ మిగిలింది.

ఇక భద్రత మాట. 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర జరిగిన ఘోరం తర్వాత ఏ తల్లికీ "కూతురు ఎక్కడుందో నీకెందుకు" అని చెప్పే ధైర్యం నాకు లేదు. 2020 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దిశ యాప్ తెచ్చింది. ఇళ్లలో ఎవరి యాప్‌లు వాళ్లు పెట్టుకున్నారు. వాటిని కూతుళ్ల ఫోన్లలో పెట్టించినవాళ్లలో తండ్రులకంటే నా వయసు తల్లులే ఎక్కువ కనిపించారు నాకు. లైబ్రరీ అని రాసి సినిమాకెళ్లిన మేమే. భయం నిజమైనదే. కానీ ఆ భయం రోడ్డు మీదున్న మగవాడి దగ్గర మొదలై, ఇంట్లో అమ్మాయి మీద నియమంగా ముగుస్తోంది.

నా విద్యార్థినులు ఈ చిక్కుని నాకంటే తెలివిగా చూస్తున్నారు. వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ పంపాలంటే పావుగంట, గంట, ఎనిమిది గంటలు అని మూడు గడువులుంటాయి. రాత్రి ఆటో ఎక్కితే వాళ్లు పావుగంట పెడతారు. అది కూడా ఇంటికి కాదు, స్నేహితురాలికి. ఇల్లు చేరాక ఆగిపోతుంది. ఎవరికి, ఎంతసేపు అన్నది తనే నిర్ణయిస్తుంది. ఎవరూ నేర్పకుండా వాళ్లు కట్టుకున్న ఈ పద్ధతిలో, మనం పుస్తకాల్లో సమ్మతి గురించి రాసినదంతా ఉందనిపిస్తుంది.

అయితే ఇల్లు ఆ పావుగంటతో సరిపెట్టుకోదు. ఎందుకు ఆపేశావని అడిగితే ఏం చెప్తారని క్లాసులో అడిగాను. "సిగ్నల్ లేదు", "చార్జింగ్ అయిపోయింది", "సైలెంట్‌లో ఉంది" అని వరసగా చెప్పారు. అంటే బస్సు ఇంకా రావడం లేదు. "ఫోను చూశాను, ఎత్తాలనిపించలేదు" అని ఇంట్లో చెప్పగలిగేవాళ్లు ఎంతమంది అంటే ఒక్క చెయ్యీ లేవలేదు. కాసేపటికి వెనక బెంచీ అమ్మాయి అంది: "మా అన్నయ్య అలాగే అంటాడు మేడం. అమ్మ సరే, అన్నం తిన్నావా అని అడుగుతుంది."