అన్నమాచార్యుని విద్యాభ్యాసము

విద్య మనుష్యుని వికసింపజేయును. భయము మనుష్యుని ముడుచుకొనజేయును. అయినను ఈ రెండును ఒకే బడిలో, ఒకే గురువుచేత బాలునికి లభించుట లోకమున తరచు కానవచ్చుచున్నది. విద్య దండనముచే వచ్చునా, ప్రేమచే వచ్చునా, లేక భగవదనుగ్రహముచే తనంతట తాను వచ్చునా? మిక్కిలి ప్రాచీనమైన ఈ ప్రశ్నకు సమాధానము పదకవితాపితామహుడగు తాళ్ళపాక అన్నమాచార్యుని వంశచరిత్రయందే గలదు. ఆయన మనుమడు చిన్నన్న ఆ చరిత్రమును ద్విపదకావ్యముగా రచించి భక్తలోకమునకు ప్రసాదించెను.

ఆ కథ అన్నమయ్యతో కాక, ఆయన తాతయగు నారాయణయ్యతో ప్రారంభమగును. నారాయణయ్యకు చిన్ననాట చదువు అబ్బలేదు. తండ్రి చెప్పి చూచెను, ఫలింపలేదు. పిదప ఊటుకూరునందలి బంధువుల కడకు పంపెను. అచ్చటి ఉపాధ్యాయుడు కఠినశిక్షలు విధించెను. శిక్ష పెరిగినకొలది చదువు మరింత దూరమయ్యెను. అవమానభారమును మోయజాలక ఆ బాలుడు ప్రాణత్యాగమునకు నిశ్చయించుకొని ఊరి వెలుపలి చింతలమ్మ గుడిని చేరెను. అమ్మవారు సాక్షాత్కరించి వారించినది. తాళ్ళపాక చెన్నకేశవస్వామి కృపచే విద్య లభించుననియు, మూడవ తరమున ఆ వంశమున పరమభాగవతుడు జన్మించుననియు పలికినది. అటుపిమ్మట నారాయణయ్య విద్వాంసుడయ్యెను.

ఇచ్చట గ్రహింపదగిన విశేష మొకటి గలదు. అమ్మవారు ముందుగా పాఠము చెప్పలేదు, అభయ మొసగినది. చదువు ఆ తరువాత వచ్చినది. చదువురాని వాడని లోకము త్రోసివేసిన ఆ బాలుని గర్భితభాగ్యము ఎంతటిదో ఉపాధ్యాయునికి తెలియలేదు, తండ్రికి తెలియలేదు, ఆ బాలునికే తెలియలేదు. ఆ దినమున ఆతని ప్రాణము నిలువకున్నచో అన్నమయ్య లేడు, సంకీర్తనము లేదు.

నారాయణయ్య కుమారుడు నారాయణసూరి. ఆయనకును, లక్కమాంబకును 1408వ సంవత్సరమున అన్నమయ్య జన్మించెను. తాత కథకు మనుమని కథ భిన్నమైనది. ఈతనికి హరినామగానమే ఆట, హరినామగానమే మాట. ఇంటి పనులయందు మనసు నిలువదని ఇంటివారు కోపించిరి. ఒకనాడు గడ్డి కోసితెమ్మని పంపగా కొడవలి వ్రేలికి తగిలి రక్తము చిందెను. అదే సమయమున ఆ దారిని తిరుమలకు పోవుచున్న హరిదాసుల బృందమును గాంచి, వారివెంట బయలుదేరెను. అప్పటికి ఆతనికి ఎనిమిదేండ్లని పెద్దలు చెప్పుదురు. కొండయెక్కుచు మోకాళ్ళపర్వతమున సొమ్మసిల్లిన బాలునికి అలమేలుమంగమ్మ స్వప్నమున కనిపించి ప్రసాద మొసగి, సాలగ్రామమయమగు ఆ గిరిని పాదరక్షలతో ఎక్కరాదని బోధించినది. తిరుమలలో ఘనవిష్ణువను వైష్ణవయతి ఆతనికి పంచసంస్కారములు గావించెను. పదునారవ యేట, అనగా 1424లో, స్వామి ప్రత్యక్షమైన నాటినుండి సంకీర్తనరచన సాగినట్లు తాళ్ళపాకవారి రాగిరేకులే చెప్పుచున్నవి.

స్వామియే ప్రత్యక్షమైన పిదప ఇక చదువుతో పని యేమి అని ఎవరికైనను తోచును. అన్నమయ్యకు అట్లు తోచలేదు. ఆయన అహోబిలమున కేగి, అహోబిలమఠస్థాపకులగు ఆదివన్ శఠకోపయతీంద్రుల పాదసన్నిధిని శిష్యుడై కూర్చుండి వేదాంతము నభ్యసించెను. అనుగ్రహము పొందినవాడు గురుశుశ్రూషకు సిగ్గుపడలేదు. సర్వజ్ఞుడగు శ్రీకృష్ణుడు సాందీపని యింట సమిధలు మోయలేదా? ప్రణిపాతము, పరిప్రశ్నము, సేవ అను మూడును జ్ఞానమునకు ద్వారములని గీతయందు నిర్దేశించినవాడు ఆయనయే గదా! అన్నమయ్య శాస్త్రపరిశ్రమకు ఫలముగా సంస్కృతమున సంకీర్తనలక్షణగ్రంథము వెలసినది. మనుమడగు చినతిరుమలాచార్యుడు దానిని తెనిగించెను. ముప్పదిరెండువేల సంకీర్తనలు చెప్పెనని ప్రసిద్ధి. నేడు 12,000కు పైబడి లభించుచున్నవి. ఆవేశ మొక్కటియే ఇంతటి నిర్మాణమును నిలుపజాలదు. అభ్యాసము తోడు కావలయును.

కావున ఈ వంశకథ చెప్పు ధర్మము రెండు విధములు. భయపెట్టి విద్య నేర్పరాదు. ప్రేమ గలదని, అనుగ్రహము గలదని చెప్పి అభ్యాసమును మానరాదు.

ఆరువందల యేండ్లనాటి ఈ ధర్మము నేటి భాగ్యనగరమున మరింత అవసరము. 1998లో సైబర్ టవర్స్ భవనము ప్రారంభమైన పిదప మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి ప్రాంతములు ఉన్నతభవనములతో నిండినవి. అచ్చటి తల్లిదండ్రులలో పెక్కుమంది పరీక్షలలో గెలిచి ఈ స్థితికి వచ్చినవారే. తమను ఒడ్డుకు చేర్చిన పడవయే తమ బిడ్డను సైతము చేర్చవలెనని వారు తలంచుట సహజము. ఆ తలంపున ద్వేషము లేదు, ప్రేమయే గలదు. ఊటుకూరికి పంపిన తండ్రికిని ప్రేమయే ఉండెను! కాని ఆ ప్రేమ ర్యాంకు రూపమున, కోచింగు రూపమున మాత్రమే బిడ్డకు కనిపించినచో, బిడ్డ దానిని ప్రేమగా గుర్తింపజాలడు.

అందరు పిల్లలును అన్నమయ్యలు కారు, ఒత్తిడి లేనిదే చదువరు అని కొంద రందురు. నిజమే, నారాయణయ్యయు అన్నమయ్య కాడు. అందుచేతనే ఆతని కథ అందరి పిల్లలకును వర్తించును.

ఆ హైటెక్ సిటీ ప్రాంతముననే అన్నమయ్యపురము గలదు. 1983లో శోభారాజుగారు స్థాపించిన అన్నమాచార్య భావనా వాహిని అచ్చట సంకీర్తనలను నేర్పుచు, ప్రచారము చేయుచున్నది. గాజుభవనముల నడుమ తాళ్ళపాకవారి పదము వినబడుట శుభసూచకము. అయితే పాటను సైతము బహుమతి కొరకే నేర్పించి, రానినాడు బిడ్డను చిన్నబుచ్చినచో, అది ఊటుకూరి బడిని మరల తెరచుటయే యగును.

పరీక్షాఫలితములు వెలువడు దినమున ఇల్లు చేరు బిడ్డకు మొదట వినవలసిన మాట మార్కులను గూర్చినది కారాదు. "నీవు మాకు కావలసినవాడవు, భోజనమునకు రమ్ము" అను మాట చాలును. అదియే ఆ యింటి చింతలమ్మ పలుకు. మరునాటి ఉదయమున పుస్తకము తెరచి ప్రక్కన కూర్చుండవచ్చును, అది అహోబిలము. ఈ క్రమమును తారుమారు చేయక పాటించు గృహములను శ్రీ వేంకటేశ్వరస్వామి సదా కటాక్షించుగాక!