మూడో పిస్టల్, సీతమ్మ చెప్పిన కత్తి కథ

దసరా వీడియోలో పాండవులు జమ్మిచెట్టు మీద ఆయుధాలు దాచిన ఘట్టం చెప్పుకున్నాం కదా. దానితో పాటు చెప్పాల్సిన ఇంకో విషయం అందులో వదిలేశాను. టైం సరిపోక కాదు. అది మా ఇంటి విషయం, కెమెరా ముందు చెప్పబుద్ధి కాలేదు. రాయడం కొంచెం తేలిక.

మా బావ, అంటే మేనత్త కొడుకు, డల్లాస్ దగ్గర ఉంటాడు. అత్తయ్య ఇక్కడ గుండ్లపోచంపల్లిలో, మా అపార్ట్‌మెంట్‌లోనే పక్క బ్లాక్‌లో ఉంటుంది. హెచ్-వన్ మీద ఉన్నన్నాళ్లూ బావ తుపాకి జోలికి పోలేదు. ఆ వీసా మీద ఉన్నవాళ్లు, హంటింగ్ లైసెన్స్ లాంటి మినహాయింపు ఉంటే తప్ప, తుపాకి ఉంచుకోవడానికి అక్కడి ఫెడరల్ చట్టం ఒప్పుకోదు. గ్రీన్ కార్డ్ వచ్చిన ఏడాది మొదటిది కొన్నాడు. తర్వాతి ఏడాది రెండోది. రెండూ 9 ఎంఎం. పోయిన ఆగస్టులో ఫోన్ చేసి, "ఒరేయ్, ఈసారి పెద్ద క్యాలిబర్ తీసుకుందామనుకుంటున్నా. కలెక్షన్ అన్నాక ఒక్క పాయింట్ 45 అయినా లేకపోతే ఎట్లా? నీకు స్పెక్స్ చదివే పిచ్చి ఉంది కదా, చూసి చెప్పు. దసరాకి పూజలో పెడతా" అన్నాడు.

ఆ పిచ్చి నాకు నిజంగానే ఉంది. ఫోన్ కొనాలన్నా, మిక్సీ కొనాలన్నా మా ఇంట్లో ముందు నా షీట్ తయారవ్వాలి. ఆ రాత్రే షీట్ తెరిచాను. మొదటి వరుసలో 1911 మోడల్, పూర్తి స్టీల్, ఖాళీగానే కిలో పైన బరువు, మ్యాగజైన్‌లో 7 గుళ్లు. రెండో వరుసలో గ్లాక్ 21, అదే పాయింట్ 45, 13 గుళ్లు. మూడోది గ్లాక్ 20, 10 ఎంఎం, 15 గుళ్లు. బరువు, బ్యారెల్, ట్రిగ్గర్, గుండు ధర. వారం రోజులు ఆఫీస్ పని అయ్యాక ఇదే పని. చాలా ఆనందంగా గడిచింది, ఆ మాట దాచను. ఒక సాయంత్రం అత్తయ్య మా ఇంట్లో చిక్కుడుకాయలు ఒలుస్తూ, "ఏం చూస్తున్నావురా అంత దీక్షగా?" అంది. "బావకి లాప్‌టాప్ చూస్తున్నా అత్తయ్యా" అన్నాను. ఆలోచించకుండా నోట్లోంచి వచ్చేసింది.

ఆ అబద్ధం దగ్గరే నాకు మొదటిసారి ఏదో తేడాగా అనిపించింది. మిక్సీ గురించి ఎప్పుడూ అబద్ధం చెప్పాల్సిన అవసరం రాలేదు కదా.

తర్వాత ఆ పాయింట్ 45 ఎందుకు పాయింట్ 45 అయిందో చదివాను. అంగుళంలో నూటికి 45 వంతుల గుండు, అంటే 11.43 మిల్లీమీటర్లు. ఫిలిప్పీన్స్ యుద్ధంలో చిన్న గుండు తగిలినా మనుషులు ఆగకుండా మీదికి వస్తున్నారని అమెరికా సైన్యం కంగారు పడింది. 1904లో థాంప్సన్, లాగార్డ్ అనే ఇద్దరు అధికారులు షికాగోలోని కబేళాకి వెళ్లి, ఏ సైజు గుండుకి ఏమవుతుందో బతికున్న పశువుల మీద కాల్చి చూశారు. మనుషుల శవాల మీద కూడా వేరుగా కాల్చి చూశారు. పాయింట్ 45 కంటే తక్కువ పనికిరాదని రిపోర్ట్ రాశారు. 1911లో బ్రౌనింగ్ డిజైన్ చేసిన పిస్టల్‌ని సైన్యం తీసుకుంది. 1985లో దాని స్థానంలో 9 ఎంఎం బెరెట్టాని ఎంచుకునేదాకా అదే వాళ్ల ప్రామాణిక పిస్టల్. నా షీట్‌లో ఒక గడిలో ఉన్న అంకె వెనక ఆ కబేళా ఉంది.

వెంటనే బావకి ఫోన్ చేసి ఆవేశంగా ఇదంతా చెప్పాను. పశువులు, మన ధర్మం, అన్నీ కలిపి. బావ శాంతంగా విని, "నీ ఆఫీస్ షూస్ ఏ తోలుతో చేశారు?" అన్నాడు. నా దగ్గర సమాధానం లేదు. ఆగకుండా, "నువ్వు గుండ్లపోచంపల్లిలో కూర్చుని తుపాకి కొనకపోవడం అహింస కాదురా, అక్కడ లైసెన్స్ దొరక్కపోవడం. దొరికితే ఈ పాటికి నీ దగ్గర రెండు ఉండేవి" అన్నాడు.

ఇది నన్ను బాగా గుచ్చింది, ఎందుకంటే నిజం. మన దగ్గర 1959 ఆయుధాల చట్టం ప్రకారం పిస్టల్‌కి లైసెన్స్ కావాలి, ప్రాణభయం లాంటి కారణం చూపించాలి. పాయింట్ 45, 9 ఎంఎం లాంటివి నిషిద్ధ బోర్ కింద వస్తాయి, మామూలు మనిషికి ఇవ్వరు. ఇచ్చేది పాయింట్ 32 లాంటివి. 2019 సవరణ తర్వాత మామూలు లైసెన్స్‌దారుడు రెండుకి మించి ఉంచుకోకూడదు. అంతకు ముందు మూడు దాకా ఉండేది. అంటే బావ అడిగే మూడోది ఇక్కడ చట్టంలోనే లేదు. చట్టం నన్ను ఆపిందని నేను మంచివాడిని అయిపోను. నేను ఆ వారం రోజులు షీట్ ముందు కూర్చున్న తీరు చూస్తే బావ మాటే కరెక్ట్.

అందుకే చట్టం సంగతి పక్కన పెట్టి అసలు ప్రశ్న దగ్గరికి వస్తాను. వాడే ఉద్దేశం లేని ఆయుధాన్ని, కేవలం బాగుందని దగ్గర ఉంచుకుంటే తప్పేమిటి?

అరణ్యకాండలో ఈ ప్రశ్నని సీతమ్మ అడుగుతుంది. చాలామంది ఈ ఘట్టం దాటేసి శూర్పణఖ దగ్గరికి వెళ్లిపోతారు. సుతీక్ష్ణ మహర్షి ఆశ్రమం నుంచి బయల్దేరారు. అప్పటికే రాముడు రాక్షసుల నుంచి కాపాడతానని ఋషులకి మాట ఇచ్చేశాడు. దారిలో సీతమ్మ మెల్లగా మొదలుపెడుతుంది. కోరికలోంచి పుట్టే దోషాలు మూడు: అబద్ధం, పరస్త్రీ వ్యామోహం, పగ లేకుండానే చేసే హింస. మొదటి రెండూ మీకు లేవు, మూడోది వస్తుందేమోనని నా భయం అంటుంది. చెప్పి ఒక కథ చెబుతుంది.

ఒక తపస్వి ఉండేవాడు. సత్యవంతుడు, శుచి గలవాడు. ఇంద్రుడు ఆయన తపస్సు చెడగొట్టాలనుకున్నాడు. అప్సరసని పంపలేదు, వానలు ఆపలేదు. సైనికుడి వేషంలో వచ్చి ఒక మంచి కత్తి చేతిలో పెట్టి, ఇది దాచి ఉంచండి, మళ్లీ తీసుకుంటాను అన్నాడు. అంతే. తపస్వి దాన్ని వాడదామని తీసుకోలేదు. పరాయి సొమ్ము, పోకూడదు. అందుకే పళ్లకి వెళ్లినా, దుంపలకి వెళ్లినా వెంట తీసుకెళ్లాడు. అలా మోస్తూ మోస్తూ మనసు క్రూరత్వం వైపు తిరిగింది, తపస్సు పోయింది, చివరికి నరకానికి పోయాడు.

నాలాంటి సాఫ్ట్‌వేర్ వాడికి ఈ కథలో భయం వేసేది ఏంటంటే, ఏ రోజు మారాడో లేదు. లాగ్ లేదు. మొదటి రోజు ఎవర్ని బెదిరించాడు, ఏ చెట్టు మీద పదును చూశాడు, ఏదీ చెప్పలేదు. జాగ్రత్తగా దాచాడు, అదే జరిగింది. దాచడం కూడా ధర్మంగానే దాచాడు.

బావకి ఈ కథ చెప్పాను. బాగుంది అన్నాడు. తర్వాత, "కానీ రాముడు విల్లు దించలేదు కదా?" అన్నాడు. దించలేదు, నిజమే. సీతమ్మ మీద కోపం కూడా తెచ్చుకోలేదు, ఆ మాట ప్రేమతో అన్నదని గుర్తించాడు. కానీ ఋషులు వచ్చి భయంతో శరణు అడిగారు, మాట ఇచ్చాను, ప్రాణమైనా వదులుతాను గానీ ఆ మాట వదలను అన్నాడు. రాముడి జవాబులో విల్లు ఎంత గొప్పదో ఒక్క ముక్క లేదు. మొత్తం అడిగినవాళ్ల గురించే. ఇది గమనించాక నా షీట్ చివర ఇంకో కాలమ్ పెట్టాను: 'ఎవరి కోసం'. మొదటి పిస్టల్ వరుసలో బావ, "నైట్ షిఫ్ట్ రోజుల్లో మీ అక్క ఒక్కతే ఉంటుంది" అని రాయించాడు. అది నేను కాదనలేను, వాళ్ల ఊళ్లో ఇళ్లు దూరదూరంగా ఉంటాయి. రెండోదానికి కాసేపు ఆలోచించి "రేంజ్‌లో ప్రాక్టీస్" అన్నాడు. మూడోది ఖాళీ.

సాలార్‌జంగ్ మ్యూజియంలో కత్తులు లేవా, చూసినవాళ్లంతా చెడిపోతున్నారా అని మీరు అడగొచ్చు. బావ కూడా అడిగాడు. ఆ కత్తులకి యజమాని లేడు. ఎవడో ఒకడు కోపంతో నిద్ర లేచి చెయ్యి చాపితే అందే దూరంలో అవి లేవు. బావ పిస్టల్ పక్క డ్రాయర్‌లో గుళ్లు ఉంటాయి.

ఆయుధం మీద మమకారం ఎంత దూరం తీసుకెళ్తుందో చూడాలంటే కర్ణపర్వం చదవండి. కర్ణుడి చేతిలో దెబ్బతిని డేరాలో ఉన్న ధర్మరాజు, చేతకాకపోతే గాండీవం ఇంకెవరికైనా ఇచ్చెయ్ అని అర్జునుణ్ణి తిట్టాడు. ఆ మాట అన్నవాణ్ణి చంపుతానని అర్జునుడికి ఎప్పటి నుంచో ఒక వ్రతం. కత్తి దూశాడు, సొంత అన్న మీద! కృష్ణుడు పక్కన లేకపోతే భారతం అక్కడే అయిపోయేది. పెద్దవాణ్ణి "నువ్వు" అని అవమానిస్తే చంపినట్టే లెక్క అని ఒక ఉపాయం చెప్పి గట్టెక్కించాడు. ఆ విల్లు ఏమైనా అర్జునుడిదా అంటే, అదీ కాదు. ఖాండవవనం వేళ అగ్ని వరుణుడి దగ్గర ఇప్పించింది. మహాప్రస్థానంలో అగ్నే ఎదురొచ్చి తిరిగి ఇచ్చెయ్యమంటాడు. అన్నీ వదిలేసి నారబట్టలు కట్టుకున్న అర్జునుడి దగ్గర అప్పటికీ గాండీవం ఉంది, చూడండి. అడిగాక నీళ్లలో వేస్తాడు.

జమ్మిచెట్టు దగ్గర మాత్రం పాండవులు తెలివిగా ఉన్నారు. శ్మశానం పక్కన చెట్టు ఎంచుకుని, శవాన్ని వేలాడదీసి ఎవరూ దగ్గరికి రాకుండా చేశారు. తమకే ఏడాది పాటు అందకుండా పెట్టుకున్నారు. బావ సేఫ్ వేలిముద్రకి తెరుచుకుంటుంది, రెండు సెకన్లు. అదే దాని గొప్పతనమని రాసి అమ్ముతారు. వాళ్ల పాపకి ఎనిమిదేళ్లు.

2025లో దసరా అక్టోబరు 2న, గాంధీ జయంతి రోజే వచ్చింది. సాయంత్రం ఏడున్నరకి వీడియో కాల్, అక్కడ పొద్దున తొమ్మిది. మా వైపు పీట మీద నా లాప్‌టాప్, అత్తయ్య కత్తిపీట, స్కూటీ తాళం. బావ వైపు లాప్‌టాప్, కారు తాళాలు, ఒక నల్ల పెట్టె. 1911 కొన్నాడు. నాతో కూడా చెప్పలేదు.

"తెరువు" అంది అత్తయ్య. తెరిచాడు. స్టీల్ మీద దీపం వెలుగు పడుతోంది. చాలా అందంగా ఉంది, ఏం చెప్పను.

"బొట్టు పెట్టమంటావా అమ్మా?" అన్నాడు.

"ముందు పాపని అవతలి గదిలోకి పంపు" అంది. పంపాడు. "దీంతో నువ్వు ఏం పని చేస్తావురా?"

బావ ఫోన్‌లోంచి నా వైపు చూశాడు. నేను కుంకుమ భరిణ వైపు చూశాను.

"లాప్‌టాప్‌కి పెట్టు, కారుకి పెట్టు" అంది అత్తయ్య. బావ పెట్టె మూసి పక్కకి జరిపాడు. తర్వాత మేం జమ్మి ఆకు చేతిలో పెట్టి బంగారం అని అత్తయ్య కాళ్లకి మొక్కాం. బావ అక్కడి నుంచే చేతులు జోడించాడు.

రాత్రి ఆవిడని పక్క బ్లాక్ లిఫ్ట్ దాకా దింపడానికి వెళ్లినప్పుడు చెప్పేశాను. "ఆ రోజు చిక్కుడుకాయలప్పుడు నేను చూసింది లాప్‌టాప్ కాదు అత్తయ్యా."

"తెలుసులేరా" అంది. "బొమ్మ కనపడింది."

జై శ్రీరామ్.